ముళ్లున్నా రక్షణ లేని అనాస
కరవును తట్టుకునే మొక్క, నాలుగు రోజులు నిలవని పండు. మధ్యలో సవర రైతు

ఎండలు తగ్గి తొలకరి మొదలయ్యే వేళకు సీతంపేట ఏజెన్సీ కొండవాలుల్లో అనాస కోతకొస్తుంది. సవర రైతులు పదునైన ఆకుల మధ్య నుంచి పండ్లు కోసి, కావిళ్లతో, తట్టలతో కొండ దించి వారపు సంతకు చేరుస్తారు. అక్కడ అమ్మకం ఎక్కువగా కాయల లెక్కనే. ధర చెప్పేది మాత్రం మైదానం నుంచి వచ్చిన వ్యాపారి.

అనాస మన నేల మొక్క కాదు. దక్షిణ అమెరికా నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా భారత్‌కు చేరింది. పేరు కూడా అక్కడి టూపీ భాషదే. మూడు వేలకు పైగా జాతులున్న బ్రొమేలియా కుటుంబంలో ఒకటి తప్ప అన్నీ అమెరికా ఖండాలవే. బొలీవియా, అర్జెంటీనాల బండరాళ్ల మీద ముళ్ల దిండులా అల్లుకునే డ్యూటెరోకోనియా బ్రెవిఫోలియా దీని బంధువే. రాతి తోటల ప్రియులు దాన్ని ముచ్చటపడి పెంచుతారు.

అనాస ఆకు రంధ్రాలు ప్రధానంగా రాత్రివేళే తెరుచుకుంటాయి. చల్లదనంలో గాలి పీల్చి, పగటి ఎండలో ఆహారం వండుకుంటుంది. అందుకే నీటి ఖర్చు తక్కువ. బోరు, కాలువ లేని పోడు వాలుకు ఇంతకన్నా అనువైన పంట అరుదు. కాకపోతే పిలక నాటాక పండు చేతికి రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది.

అంత ఓపిక గల మొక్కకు కాసే పండుకు ఓపిక లేదు. కోశాక అనాసలో తీపి పెరగదు. ముందే కోస్తే పులుపు, ఆలస్యమైతే కుళ్లు. మంచి ధర వచ్చేదాకా ఆగే వీలు రైతుకు లేదు.

ప్రభుత్వ రక్షణలోనూ అనాసకు చోటు లేదు. వరి, కందుల వంటి పంటలకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. చింతపండు, తేనె వంటి అటవీ ఫలసాయానికి 2013-14లో మద్దతు ధర పథకం వచ్చింది. అనాస ఆ జాబితాలోనూ లేదు, ఈ జాబితాలోనూ లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం పోడు భూమిపై హక్కునిచ్చింది గానీ పంటకు ధర ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో సీతంపేట శ్రీకాకుళం నుంచి కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. జిల్లా మారినా పండు స్వభావం మారలేదు.

మార్గం లేకపోలేదు. కేరళలోని వాళక్కుళం అనాస 2009లో భౌగోళిక గుర్తింపు పొందింది. దాని చుట్టూ పెద్ద మార్కెట్టే ఎదిగింది. మన్యంలోనే అరకు కాఫీకి 2019లో అదే గుర్తింపు దక్కింది. అయితే ఎండబెట్టిన కాఫీ గింజ నెలల తరబడి నిలవ ఉంటుంది. అనాసకు పేరొక్కటే చాలదు. కొండ దిగువనే రసం తీసే యంత్రం, శీతల గిడ్డంగి, రైతుల చేతిలోనే తక్కెడ కావాలి.

అంతవరకూ బేరం ఒకవైపే మొగ్గుతుంది. సాయంత్రం సంత ముగిశాక మిగిలిన పండ్లను మళ్లీ కొండెక్కించడం ఏ రైతుకూ గిట్టదు. ఆ సంగతి వ్యాపారికీ తెలుసు.