పెరటి బాతులకు భద్రమైన దొడ్డి: అడుగు అంచు నుంచి ఆలోచన

గోదావరి, కృష్ణా డెల్టా గ్రామాల్లో బాతుల పెంపకం రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి, కోతలు పూర్తయిన వరి మళ్ళ వెంట వందల బాతులను తోలుకుంటూ ఊరూరా తిరిగే సంచార మందలది. రెండవది, పెరట్లో పది ఇరవై బాతులను పెంచుకునే కుటుంబాలది. సంచార మందకు కాపరి ఉంటాడు. చేను మారినప్పుడల్లా వలతో తాత్కాలిక ఆవరణ కట్టి, దాని పక్కనే పడుకుంటాడు. పెరటి బాతులకు ఆ కాపలా లేదు. ఇంటివారు నిద్రపోయాక వాటికి దిక్కు దొడ్డి ఒక్కటే. అయినా మన విస్తరణ పాఠాల్లో జాతి, మేత, టీకాలు ముందు వరుసలో ఉంటాయి, దొడ్డిని చివర ఒక పేరాతో సరిపెడతాం. ఈ క్రమాన్ని తిరగవేయాలని నా అభిప్రాయం. ఏడాదికి 280 నుంచి 300 గుడ్లు పెట్టగల ఖాకీ క్యాంప్‌బెల్ అయినా, ఒక్క రాత్రి కుక్క చొరబడితే తెల్లవారేసరికి మిగలదు. వీధికుక్క గాని ముంగిస గాని ఆకలి తీరగానే ఆగదు, ఎదుట కదిలే పక్షి ఉన్నంతసేపు చంపుతూనే పోతుంది. పది బాతులున్న ఇల్లాలికి జరిగే నష్టం పదింట ఒకటి కాదు, పదికి పది.

కోడి చీకటి పడగానే ఎత్తయిన చోటుకు ఎక్కుతుంది. బాతు నేల మీదనే పడుకుంటుంది, బరువైన ఒంటితో ఎగరలేదు, బెదిరితే మంద అంతా ఒక మూలకు తోసుకుపోయి ఒకదాని కింద ఒకటి నలుగుతాయి. అందుచేత కోళ్ళ గూటినే కాస్త పెద్దది చేస్తే బాతుల దొడ్డి అవుతుందన్న ఊహ సరికాదు.

శత్రువులు వచ్చే దారులను బట్టి నిర్మాణం ఉండాలి. కుక్క కంచెను పళ్ళతో చింపుతుంది, లేదా అడుగున తవ్వుతుంది. నక్క తవ్వుతుంది. ముంగిస చిన్న సందులో నుంచి దూరుతుంది. అడవిపిల్లి, పునుగుపిల్లి ఎక్కి పైనుంచి దిగుతాయి. కోరింగ మడ అడవుల పరిసరాల్లో నీటిపిల్లిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పందికొక్కు పెద్ద బాతును చంపకపోయినా గుడ్లను, పిల్లలను వదలదు. అంతకంటే ముఖ్యంగా, అది తవ్విన కలుగు పాముకు, ముంగిసకు రహదారి అవుతుంది. ముంగిస, నీటిపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువులు. కాబట్టి ఉచ్చులు, విషపు ఎరలు పరిష్కారం కావు. కంచెకు ఇంటి కరెంటు తగిలించడం చట్టవిరుద్ధమే కాదు, మొదట బలయ్యేది ఆ ఇంటి మనుషులే. దొడ్డిని చొరరానిదిగా కట్టడం ఒక్కటే మార్గం.

ఇక్కడ ఒక సస్యశాస్త్రజ్ఞుడిగా నేను నేల గురించి చెప్పక తప్పదు. సాధారణంగా ఇచ్చే సలహా, జాలీని భూమిలోకి ఒకటిన్నర అడుగు నిలువుగా పాతమని. ఇసుక నేలల్లో, ఎర్ర నేలల్లో అది పనిచేస్తుంది. డెల్టా బంకమట్టి తీరు వేరు. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు బీటలు వారుతుంది. కార్తికంలో బిగువుగా పాతిన గుంజ వైశాఖానికి వదులవుతుంది, జాలీ పొడవునా నేల విడిపోయి నెర్రె పడుతుంది. వాన వెలిశాక చూసి భద్రమనుకున్న కంచె, వేసవిలో అడుగున చెయ్యి పట్టేంత సందుతో నిలబడి ఉంటుంది. మన బంకనేలల్లో నిలువు పాతర కంటే అడ్డ పరుపు మేలు: జాలీని కంచె మొదట్లో బయటికి వంచి, రెండడుగుల వెడల్పున నేల మీద పరచి, ఇనుప తీగ కొక్కేలతో బిగించి, పైన మూడు నాలుగు అంగుళాల మట్టి కప్పాలి. తవ్వే జంతువు ఎప్పుడూ గోడ మొదలు దగ్గరే మొదలుపెడుతుంది. కింద జాలీ తగిలినా రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. పరుపు నేలతోపాటే లేస్తుంది, నేలతోపాటే దిగుతుంది. నాప బండలు చవకగా దొరికే చోట ఆ పరుపును వాటితో వేసుకోవచ్చు.

జాలీ ఎంపికలోనూ పొరపాటు సాధారణం. బజారులో చవకగా దొరికే ఆరు మూలల కోళ్ళ జాలీ బాతును లోపల ఉంచుతుందే గాని కుక్కను బయట ఉంచలేదు. పైగా తీరగ్రామాల ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది. కింది రెండడుగులకు అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్ వాడాలి. వెల్డింగ్ తరువాత జింకు పూత వేసిన రకమైతే ఎక్కువ కాలం మన్నుతుంది. ఆ పైన అంగుళం కన్ను చాలు.

ఇక కొలతలు. రాత్రి గదిలో బాతుకు 3 చదరపు అడుగులు, బయటి ఆవరణలో 10 నుంచి 15 చదరపు అడుగులు కావాలి. ఇరవై బాతులకు 6 × 10 అడుగుల గది, 15 × 20 అడుగుల ఆవరణ సరిపోతాయి. అదే 300 చదరపు అడుగులను 10 × 30గా కడితే చుట్టుకొలత 70 అడుగుల నుంచి 80కి పెరుగుతుంది, జాలీ ఖర్చూ ఆ మేరకు పెరుగుతుంది. పెరడు అనుమతించినంత వరకు చదరానికి దగ్గరగా కట్టడం లాభం. డబ్బు చాలని కుటుంబానికి నా సలహా ఇది: గట్టి జాలీని, అడ్డ పరుపును 32 అడుగుల చుట్టుకొలత గల రాత్రి గదికే పరిమితం చేయండి. పగటి ఆవరణకు సరుగుడు గుంజలు, వెదురు తడికె చాలు, ఇంట్లో మనుషులు మెలకువగా ఉంటారు కనుక. సగం బలంతో మొత్తం కట్టడం కంటే ఇది నయం.

గది గోడను రెండున్నర అడుగుల వరకు ఇటుకతో లేపి, అక్కడ నుంచి చూరు వరకు జాలీ బిగిస్తే గాలి ఆడుతుంది. తాటాకు కప్పు చల్లన, కాని పిల్లికి, పాముకు అది తలుపుతో సమానం. ఆకు కింద జాలీ పరచి గోడకు కలిపి కట్టాలి. నేలకు ఇటుక పరచాలి, లేదా జాలీ వేసి పైన ఇసుక కొట్టాలి. పందికొక్కు కలుగు అక్కడితో ఆగిపోతుంది. ద్వారం మూడడుగుల వెడల్పు ఉండాలి. బాతులు గుంపుగా కదులుతాయి, ఇరుకు ద్వారంలో తొక్కుకుని కాళ్ళు విరుగుతాయి. గొళ్ళానికి తోడు ఒక చీల తప్పనిసరి, ఒట్టి కొక్కేన్ని కుక్క మూతితో లేపగలదు.

బాతు నీటిపక్షి అయినా తడి పడకను భరించలేదు. ఎప్పుడూ తడిగా ఉండే నేల మీద దాని పాదాల అడుగున పుండ్లు పడతాయి. తడిసిన వరిగడ్డికి పట్టే బూజు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. గది మెరక మీద, చుట్టూ నేల కంటే అడుగైనా ఎత్తున ఉండాలి. పరుపుకు గడ్డి కంటే పొడి ఊక మంచిది. నీటి కాలువను ఆవరణ పల్లపు చివర, 50 సెంటీమీటర్ల వెడల్పు, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతుతో తవ్వాలి. కళ్ళు, ముక్కు రంధ్రాలు కడుక్కోవడానికి బాతు తల మునిగే లోతు అవసరం. ఆ మురుగు నీటిని అరటికో కందకో మళ్ళిస్తే ఎరువు దక్కుతుంది, దోమలూ తగ్గుతాయి.

పైకప్పు లేని ఆవరణలో పిల్లలను కాకులు, గద్దలు ఎత్తుకుపోతాయి. పాత చేపల వల కప్పవచ్చు, అయితే బిగించి కట్టాలి. వేలాడే వలలో గుడ్లగూబలు చిక్కుకుంటాయి. వల రెట్టలను ఆపదన్నది మరువరాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన తరువాత దీనికి ప్రాముఖ్యం పెరిగింది. కొంగలు, నీటికాకులు రాత్రి వాలే చెట్ల కింద దొడ్డి కట్టరాదు. మేత తొట్టిని, తాగునీటిని కప్పు కింద ఉంచాలి. బాతు ఏ లక్షణమూ చూపకుండా ఆ వైరస్‌ను మోయగలదు కనుక కోళ్ళను అదే దొడ్డిలో కలపరాదు.

పగటి ఆవరణను విశాలంగా ఉంచమనడానికి మరో కారణం పొలంలో ఉంది. వరిలో కార్బోఫ్యూరాన్ వంటి గుళికల మందు వేసిన రోజుల్లో ఆ మళ్ళలోకి బాతులను వదలడం ప్రాణాంతకం. ఇరుగుపొరుగు రైతు ఎప్పుడు వేస్తాడో ముందుగా కనుక్కుని, ఆ రోజులన్నీ వాటిని దొడ్డిలోనే నిలిపి మేపగలగాలి. ఆ మేతలో బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న ఉండకూడదు. అఫ్లటాక్సిన్‌ను బాతు కోడి కంటే చాలా తక్కువ తట్టుకుంటుంది.

సాయంత్రం గదిలో కొద్దిగా తడిపిన తవుడు, నూకలు పెట్టి, పక్కనే నీరు ఉంచితే వారం పది రోజుల్లో బాతులు తమంతట తామే లోపలికి వస్తాయి. ఉదయం తొమ్మిది దాటాకే తలుపు తీయాలి. గుడ్లలో అధిక భాగం ఆ లోపే పెడతాయి కనుక అవి గట్ల మీదో బోదెల్లోనో పోకుండా గదిలోనే దొరుకుతాయి. విస్తరణ విద్యార్థులు గ్రామ సందర్శనకు వెళ్ళేటప్పుడు వానాకాలంలో చూసిన దొడ్డినే ఏప్రిల్, మే నెలల్లో మరొకసారి చూడాలి. గుంజను చేత్తో కదిపి, జాలీ అడుగున వేళ్ళు పెట్టి చుట్టూ ఒకసారి నడిస్తే చాలు. వేలు దూరిన ప్రతి చోటునూ ఆ పూటే, ఇంటివారి చేతనే, మట్టితోనో బండతోనో మూయించాలి.