పి.ఎల్.సి. శిక్షణ

ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, క్లుప్తంగా పి.ఎల్.సి., అనగా కర్మాగారాలలో యంత్రాలను నియంత్రించే కంప్యూటరు. కారు నమూనా మారినప్పుడల్లా రిలే పెట్టెలలోని తీగలన్నీ మార్చవలసి రావడంతో 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ ప్రత్యామ్నాయం కోరింది. ఆ కాలంలోనే డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084ను రూపొందించింది. ఎలక్ట్రీషియన్లకు అలవాటైన రిలే పటాలను పోలిన, నిచ్చెన మెట్లలా కనిపించే లాడర్ భాషతోనే నేటికీ శిక్షణ మొదలవుతుంది. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్‌లలో ఎలక్ట్రికల్ చదివినవారికి ఇది త్వరగా పట్టుబడుతుంది.

మొదటి అభ్యాసం సాధారణంగా స్టార్టు, స్టాపు బొత్తాములతో మోటారును నడపడం. తేలికగా కనిపించినా అసలు మెలకువ ఇందులోనే ఉంది. స్టాపు బొత్తాముకు ఎన్.సి. కాంటాక్టు, అంటే నొక్కనంతవరకు కలిసి ఉండేది, వాడాలి. అప్పుడు తీగ తెగినా బొత్తాము నొక్కినట్లే మోటారు ఆగిపోతుంది. ఎన్.ఓ. కాంటాక్టు వాడితే తీగ తెగిన సంగతి ఎవరికీ తెలియదు. ప్రమాదవేళ బొత్తాము నొక్కినా యంత్రం ఆగదు. సిమ్యులేటరులో తీగలు తెగవు కనుక, కేవలం దానిపై నేర్చినవారికి ఈ తేడా అనుభవంలోకి రాదు.

ఎన్.సి. బొత్తామును ప్రోగ్రాములో మాత్రం ఎన్.ఓ. గుర్తుతోనే వ్రాయాలి. కొత్తవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. అత్యవసర స్టాపును సాధారణ పి.ఎల్.సి. ప్రోగ్రాముకే వదలరు, దానికి వేరుగా సేఫ్టీ రిలే అమర్చుతారు.