చివరి ఈఎమ్ఐ కట్టాక ఏం చేద్దాం?



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో మధ్యలో ఇంకో మాట చేర్చుకోవాలి: హోమ్ లోన్ తీర్చి చూడు! గోపాల్‌పేటలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ స్లాబు ఇల్లు కట్టుకున్న ఉద్యోగులు, దుకాణదారులు, రైతు కుటుంబాలు ఎందరో పదేళ్లు, పదిహేనేళ్లు నెలనెలా కిస్తీ కడుతూ వచ్చారు. వారిలో కొందరికి ఇప్పుడు చివరి కిస్తీలు దగ్గర పడుతున్నాయి.

మీద ఒక అంతస్తు వేయాలని, వనపర్తిలో ప్లాటు కొనాలని, పొలంలో బోరు వేయించాలని, కుటుంబమంతా కలిసి తిరుపతి వెళ్లి రావాలని ఎన్నో ఆశలు ఉంటాయి. అందులో తప్పేమీ లేదు. కానీ లోన్ తీరే సమయానికి పెద్దబ్బాయో, పెద్దమ్మాయో పదో తరగతి దాటి ఇంటర్‌లో ఉంటారు. తల్లిదండ్రుల వయసు యాభైకి దగ్గర పడుతుంది. అందుకే ఈఎమ్ఐ ఆగిన తర్వాత ఆ డబ్బు ఎటు వెళ్లాలో చివరి ఈఎమ్ఐ కట్టకముందే నిర్ణయించుకోవాలి. లేకపోతే అది ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. ఏడాది తర్వాత ఏమైందో ఎవరికీ గుర్తుండదు.

మనం నిజంగా ఎంత కట్టాం?

ఒక కుటుంబం 20 లక్షల రూపాయల లోన్‌ను 9 శాతం వడ్డీకి 15 ఏళ్ల గడువుతో తీసుకుందనుకుందాం. నెలకు ఈఎమ్ఐ సుమారు 20,285 రూపాయలు. మొత్తం 180 కిస్తీల్లో కట్టేది 36.5 లక్షలకు పైనే. అంటే ఒక్క వడ్డీయే 16.5 లక్షలు.

ఈ లెక్క మీ పిల్లలతో కూర్చుని చేయించండి. మొదటి నెల కట్టిన 20,285లో 15,000 వడ్డీకే పోయింది, అసలులో తగ్గింది 5,285 మాత్రమే. చివరి నెలలో వడ్డీ 150 రూపాయల దగ్గరికి దిగుతుంది. లెక్కల పుస్తకంలోని వడ్డీ పాఠం వాళ్లకు తమ ఇంట్లోనే కనిపిస్తుంది. అప్పు అంటే ఏమిటో, అమ్మానాన్నలు ఇన్నేళ్లు ఏం భరించారో కూడా అర్థమవుతుంది.

ముందు కాగితాలు, తర్వాతే కలలు

చివరి కిస్తీ కట్టగానే పని అయిపోయిందని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఇల్లు పూర్తిగా మీ చేతికి రావాలంటే ఇంకా కొన్ని పనులు ఉన్నాయి.

1. బ్యాంకులో లోన్ క్లోజింగ్ స్టేట్‌మెంట్ అడగండి. ఏవైనా చిల్లర బకాయిలు మిగిలి ఉంటే కట్టేసి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి.

2. ఒరిజినల్ డాక్యుమెంట్లన్నీ వెనక్కి తీసుకోండి. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు రాసుకున్న జాబితాతో సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఇంటి అనుమతి పత్రాలను ఒక్కొక్కటిగా సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.

3. తాకట్టును సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి ఉంటే, దాని విడుదలను కూడా రిజిస్టర్ చేయించాలి. తర్వాత ఈసీ తీసి చూడండి. పాత తాకట్టు ఎంట్రీతో పాటు విడుదల ఎంట్రీ కూడా కనిపించాలి. ఇది లేకపోతే రేపు ఇల్లు అమ్మాలన్నా, పిల్లల పేరు మీదికి మార్చాలన్నా చిక్కులు వస్తాయి.

4. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కిస్తీ కట్ అయ్యే ఏర్పాటును రద్దు చేయించండి. మీరు ముందుగా ఇచ్చిన ఖాళీ చెక్కులు వాపసు తీసుకోండి.

5. రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్ట్ చూడండి. అందులో లోన్ 'క్లోజ్డ్' అని ఉండాలి. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి.

6. లోన్‌తో పాటు తీసుకున్న ఇంటి బీమా, జీవిత బీమా ఇంకా అమల్లో ఉన్నాయో లేదో అడగండి. లోన్ తీరినంత మాత్రాన ఇంటికి అగ్నిప్రమాదం భయం తీరదు కదా!

డాక్యుమెంట్ల విషయంలో మీకు గట్టి హక్కు ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2023 సెప్టెంబర్ 13న ఇచ్చిన ఆదేశం ప్రకారం, లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్ డాక్యుమెంట్లన్నీ ఇచ్చేయాలి, రిజిస్ట్రీల్లో నమోదైన చార్జీ తొలగించాలి. తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. ఇది 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకులు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకూ ఇదే నియమం. డాక్యుమెంట్లు వాళ్ల దగ్గర పోతే, నకళ్లు తెప్పించడానికి సాయం చేసి, ఆ ఖర్చు కూడా వాళ్లే భరించాలి. దానికి మరో 30 రోజుల గడువు ఉంటుంది.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబర్‌కు ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు.

మిగిలిన 20,000 ఎలా పంచుకోవాలి?

ఈఎమ్ఐ తేదీని మార్చకండి. నెలలో అదే రోజు, అదే ఖాతా నుంచి, అదే మొత్తం బయటికి వెళ్లనివ్వండి. ఇప్పుడది వెళ్లేది మీ సొంత ఖాతాలకు. పదిహేనేళ్లుగా ఆ డబ్బు లేకుండానే ఇల్లు నడిచింది కాబట్టి ఆ అలవాటును వదులుకోవద్దు. ఉదాహరణకు ఇలా పంచుకోవచ్చు.

*పిల్లల పై చదువుకు 8,000:* నాలుగేళ్లు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, 6.5 శాతం వడ్డీ లెక్కన సుమారు 4.39 లక్షలు అవుతుంది.

*ఆపద సమయానికి 4,000:* ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే డబ్బు చేతికి అందేలా ఉండాలి. అది నిండాక ఈ వాటాను కుటుంబ ఆరోగ్య బీమాకు మళ్లించండి.

*మీ వృద్ధాప్యానికి 5,000:* పీపీఎఫ్‌లో 15 ఏళ్లు వేస్తే మీరు కట్టేది 9 లక్షలు. ఇప్పటి 7.1 శాతం వడ్డీ కొనసాగితే చేతికి వచ్చేది 15 లక్షలు దాటుతుంది.

*ఇంటికి, సంతోషానికి 3,000:* గోడలకు రంగులు, స్లాబు మరమ్మతు, ఏడాదికో యాత్ర. ఇన్నేళ్లు వాయిదా వేసిన చిన్న కోరికలకూ చోటు ఉండాలి.

పాప వయసు పదేళ్లలోపు ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా గురించి పోస్టాఫీసులో అడగండి. ఉద్యోగులు ఇంకో సంగతి గమనించాలి. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటే, లోన్ తీరాక వడ్డీ, అసలు మీద వచ్చే మినహాయింపులు ఆగిపోతాయి. పన్ను కొంచెం పెరుగుతుంది కాబట్టి ముందే లెక్క వేసుకోండి.

చదువు కోసం మళ్లీ ఇల్లు తాకట్టు వద్దు

లోన్ తీరిన ఇల్లు కనబడితే 'టాప్ అప్ ఇస్తాం' అని ఫోన్లు వస్తాయి. బంధువులు జామీను అడుగుతారు. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు చూపించి తొందర పెట్టేవాళ్లూ ఉంటారు. ఏ నిర్ణయమైనా కనీసం ఆరు నెలలు ఆగి తీసుకోండి.

అన్నిటికంటే ఎక్కువగా మనల్ని కదిలించేది పిల్లల చదువు. సీటు వచ్చిందనగానే ఇంటి కాగితాలు మళ్లీ బ్యాంకులో పెట్టడానికి సిద్ధపడతాం. ముందు విద్యా రుణం గురించి అడగండి. బ్యాంకులు సాధారణంగా 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండానే విద్యా రుణం ఇస్తాయి. అర్హత ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ గ్యారంటీ పథకం కింద 7.5 లక్షల వరకూ తాకట్టు అక్కర్లేదు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, జామీను లేకుండా రుణం దొరుకుతుంది. చదువు పూర్తయ్యాక కొంత వ్యవధి ఇచ్చి కిస్తీలు మొదలవుతాయి. బిడ్డ సంపాదనతో తీర్చుకునే అప్పు అది. ఇల్లు మాత్రం ఆ బిడ్డకూ మీకూ చివరిదాకా నీడ.

ఫీజు కట్టించుకునే సంస్థగా ఈ మాట మేమే చెప్పడం మీకు వింతగా అనిపించవచ్చు. కానీ అమ్మానాన్నలు ముసలితనంలో ఎవరి మీదా ఆధారపడకుండా ఉండటం కూడా పిల్లలకు ఇచ్చే ఆస్తే.

ఈ నెల ఇంట్లో చేయాల్సిన పని

ఒక ఆదివారం సాయంత్రం అందరూ కలిసి కూర్చోండి. లోన్ పాస్‌బుక్ తీసి ఇంకా ఎన్ని కిస్తీలు ఉన్నాయో పిల్లలతో లెక్క పెట్టించండి. ప్రతి ఒక్కరినీ ఒక్కో కోరిక కాగితం మీద రాయమనండి. నానమ్మ, తాతయ్యలను కూడా అడగండి. తర్వాత ఏది ముందు, ఏది వెనక అనేది కలిసి నిర్ణయించుకుని ఆ కాగితాన్ని బీరువాలో భద్రపరచండి. ఇంటి డాక్యుమెంట్లు తిరిగి వచ్చిన రోజున వాటి పక్కనే దాన్నీ ఉంచండి.