మంద కుక్కకు వంశావళి

అనంతపురము మెట్టలపై ఏటి వర్షము సగటున 550 మిల్లీమీటర్లు; అదియు అదను తప్పి కురియును. వేరుసెనగ ఎండిపోయిన యేట రైతుకుటుంబమును గట్టెక్కించునది గొఱ్ఱెల మంద. ఆ మంద రాత్రివేళ పొలములో విడిసినప్పుడు తోడేళ్ళకు అడ్డు నిలుచునది కుక్క. "ఇది ఏ జాతిది?" అని కాపరి నడిగినచో, "మంద కుక్కే సామీ" అని నవ్వును. దాని తల్లి ఎవరి మందలోనిదో చెప్పగలడు. కాని కాగితము లేదు.

పట్టణపు ప్రదర్శనలో నిలుచు కుక్కకు కాగితము ఉండును. దాని వెనుకనున్న ఏర్పాటు తెలిసికొనదగినది. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్ పుట్టకమునుపు ఏ ఊరి ప్రదర్శన నియమములు ఆ ఊరివే. ఒకే పేరుగల కుక్కలు అనేకము వచ్చుచుండుటచే తికమక కలిగెడిది. అందుచే 1880లో పేర్ల నమోదు ఆరంభమైనది. తరగతిలో నలుగురు రాములున్నచో ఇంటిపేరుతో పిలుచుట వంటిదే యిది!

మన దేశమున కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1896లో ఏర్పడినది. నేడు దాని కార్యాలయము చెన్నైలో నున్నది. హైదరాబాదు, బెంగుళూరు మొదలగు నగరముల సంఘములు దీనికి అనుబంధములు. కొన్ని అన్ని జాతులను చూచును. కొన్ని ఒక్క జాతికే పరిమితము. సభ్యులను చేర్చుట, ప్రదర్శన జరుపుట స్థానిక సంఘపు పని. వంశావళి పుస్తకము, జాతిలక్షణముల ప్రమాణము, న్యాయనిర్ణేతల అర్హత మాత్రము కేంద్రసంస్థ చేతిలోనివి. కనుకనే హైదరాబాదు కుక్కకు బెంగుళూరు కుక్కతో పుట్టిన పిల్లల వివరములు ఒకే పుస్తకమున చేరును. 1911లో ఐదు ఐరోపా దేశములు స్థాపించిన అంతర్జాతీయ సమాఖ్యలో మఱియొక నియమము కలదు: జాతి ప్రమాణమును ఆ జాతి పుట్టిన దేశమే నిర్ణయింపవలెను. అనగా మన కుక్కనుగూర్చి మనము వ్రాయకున్న మఱియెవ్వరును వ్రాయరు.

పొరుగున కర్ణాటకలోని ముధోలు వేటకుక్క అదృష్టము చూడుడు. సంస్థానాధిపతి మాలోజీరావు ఘోర్పడే దానిని ఐదవ జార్జి చక్రవర్తికి బహూకరించెను. 2005లో దాని బొమ్మతో తపాలాబిళ్ళ వెలువడినది. 2016లో సైన్యము శిక్షణకు తీసికొన్నది. కర్నాలులోని జాతీయ జంతు జన్యు వనరుల బ్యూరో దానిని, తమిళనాటి రాజపాళయము, చిప్పిపారై జాతులను నమోదు చేసినది. మన కొల్లేటి ప్రాంతపు జోనంగి పేరైన కొందరికి తెలియును. మంద కుక్కకు అదియు లేదు.

పుస్తకమున కెక్కుట అన్నివిధముల మేలని నేననను. మూసివేసిన వంశావళిలో దగ్గరి రక్తసంబంధములు పెరిగి, రోగములు ముదిరిన జాతులు పాశ్చాత్యదేశములలో కలవు. అక్కడ అందమును చూచి ఎన్నుకొనిరి. ఇక్కడ పనిని చూచి ఎన్నుకొందురు. తోడేలును చూచి పారిపోయిన కుక్క పిల్లలను ఏ కాపరి పెంచును? ఈ వడపోత తరతరములుగా సాగినది. మంద తరిగిన పల్లెలో ఆ కుక్క వీధికుక్కలలో కలిసిపోవును. పిదప దానిని వేరుచేయుట ఎవ్వరి తరము కాదు.

గొఱ్ఱెల పెంపకందారులకు పల్లెలలో సహకార సంఘములు, వాటిపై జిల్లా యూనియన్ ఉండనే యున్నవి. గొఱ్ఱెల లెక్కతోపాటు కుక్కకొక పుట కేటాయించుట కష్టము కాదు. వ్రాయగల చేతులును బడిలోనే యున్నవి. కాపరుల బిడ్డలు అక్కడ చదువుకొనుచున్నారు. రంగు, ఎత్తు, తల్లి ఎవరి మందలోనిది, ఒక్కొక్క ఈతకు ఎన్ని పిల్లలు, తోడేలు వచ్చిన రాత్రి ఏమి చేసినది. ఈ కడపటి గడిని నింపుటకు కాపరినే అడుగవలెను.