గీసిన గీతే స్వరం

నల్లటి తెర మీద ఎడమ నుంచి కుడికి ఒక తెల్లని అడ్డగీత గీయండి. బొమ్మను శబ్దంగా మార్చే సాఫ్ట్‌వేర్ దాన్ని చదివితే హెచ్చుతగ్గులు లేని ఒకే స్వరం వినిపిస్తుంది. కుడివైపు వెళ్లేకొద్దీ గీతను పైకి వాలిస్తే స్వరం మంద్రం నుంచి తారానికి జారుతూ ఎక్కుతుంది. నిలువుగీత గీస్తే అన్ని స్థాయిలూ ఒక్కసారే పలికి, టప్పుమని తెగిపోతాయి. అడ్డంగా కాలం, నిలువుగా స్థాయి, గీత ఎంత వెలుగుతుంటే అంత బిగ్గరగా ధ్వని. మెటాసింథ్, కోయాగ్యులా, వర్చువల్ ఏఎన్‌ఎస్ వంటి సాఫ్ట్‌వేర్లన్నీ ఈ మూడు సంగతుల మీదే నడుస్తాయి. స్వరం రాయడం రానివాళ్లు కూడా గీయగలరు. వీటి మీద నాకున్న మక్కువంతా అక్కడే.

ఈ ఆలోచన సాఫ్ట్‌వేర్ కంటే పాతది. రష్యన్ ఇంజినీరు యెవ్‌గెనీ ముర్జిన్ 1938లో మొదలుపెట్టిన ఒక యంత్రాన్ని దాదాపు ఇరవయ్యేళ్లకు పూర్తి చేశాడు. అభిమాన స్వరకర్త అలెగ్జాండర్ నికొలాయెవిచ్ స్క్రియాబిన్ పేరులోని మొదటి అక్షరాలతో దానికి ఏఎన్‌ఎస్ అని పేరు పెట్టాడు. అందులో తిరిగే గాజు పళ్లేల మీద 720 స్వరాలు సన్నని వలయాలుగా అచ్చై ఉంటాయి. ఒక స్థాయిలో మనం 12 స్వరస్థానాలు లెక్కపెడితే ముర్జిన్ 72 మెట్లు పెట్టాడు. స్వరకర్త చేయాల్సిందల్లా నల్లటి జిగురు పూసిన గాజు పలక మీద గోకడం. గోకిన చోట వెలుతురు దూరుతుంది. ఏ ఎత్తున దూరితే ఆ స్వరం పలుకుతుంది. ఆ పూత ఆరిపోదు కాబట్టి నచ్చని గీతను కప్పేసి మళ్లీ గోకవచ్చు. తార్కోవ్‌స్కీ 1972 సినిమా ‘సొలారిస్’ సంగీతానికి ఎడ్వర్డ్ ఆర్తెమ్యేవ్ వాడింది ఈ యంత్రాన్నే.

ఇంగ్లండులో బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ స్థాపకుల్లో ఒకరైన డాఫ్నీ ఓరమ్ 1959లో ఆ ఉద్యోగం వదిలేసి, కెంట్‌లోని తన ఇంట్లో ఫిల్ము మీది గీతలను ధ్వనిగా మార్చే యంత్రాన్ని తయారు చేసుకుంది. స్వరం ఎంత బిగ్గరగా రావాలో, ఎంత వణకాలో అన్నీ చేత్తోనే గీసేది.

అయితే ఈ దారిలో నన్ను ఎక్కువగా కట్టిపడేసిన మనిషి ఇయానిస్ జెనాకిస్. గ్రీసులో ఫిరంగి గుండు పెంకు తగిలి ఎడమ కన్ను పోయింది. ప్రాణాలు దక్కించుకుని పారిస్ చేరాడు. మన చండీగఢ్‌కు రూపమిచ్చిన లె కార్బూజియే ఆఫీసులో ఇంజినీరుగా కుదిరాడు. 1954లో పూర్తి చేసిన ‘మెటాస్టాసిస్’ అనే సంగీత రచనలో 46 తీగ వాయిద్యాలు ఒక్కోటి ఒక్కో వేగంతో ఎలా జారాలో గ్రాఫు కాగితం మీద సరళరేఖలుగా గీశాడు. తిన్నని రేఖలన్నీ కలిసి ఒంపు తిరిగిన తలంలా కనబడ్డాయి. 1958 బ్రసెల్స్ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ పెవిలియన్ గోడలు లేచింది ఆ ఆలోచన మీదే. సంగీతానికీ కట్టడానికీ ఒకే చేయి, ఒకే రకం గీత.

1977లో పారిస్‌లోని ఆయన పరిశోధన కేంద్రంలో యూపిక్ సిద్ధమైంది. డ్రాయింగు బల్లంత ఎలక్ట్రానిక్ పలక, దానికో పెన్ను, వెనక కంప్యూటరు. ముందు ధ్వని తరంగం ఆకారం గీయాలి. తర్వాత అది కాలంలో ఎలా ఎక్కిదిగాలో గీయాలి. మరుసటి ఏడాదే జెనాకిస్ పూర్తిగా దాని మీద ‘మైసీనీ ఆల్ఫా’ చేశాడు. చూస్తే వేర్లలా చీలిపోయే గీతలు, వింటే ఒళ్లు గగుర్పొడిచే హోరు. ఆ బల్ల ముందు పిల్లల్నీ కూర్చోబెట్టి గీయించారు. ఏళ్ల తరబడి సంగీతం నేర్చుకున్నాకే సంగీతం కల్పించాలన్న షరతు ఆయనకు సమ్మతం కాదు.

ఇప్పుడు చాలామంది చేసే పని వేరు. ఫోన్లోని ఫొటో తెచ్చి సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ప్లే నొక్కుతారు. సూర్యాస్తమయం ఎంత అందంగా ఉన్నా వినిపించేది ఉస్సుమనే రొద. కారణం ఉంది. వయొలిన్ మీద షడ్జం పలికితే మూలధ్వనితో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల వేగంతో కంపించే ఉపస్వరాలూ పలుకుతాయి. ఆ లెక్క కుదిరితేనే చెవికి అదంతా ఒక్క స్వరం. మనిషి ముఖంలోనో కొబ్బరితోటలోనో ఆ లెక్క ఉండదు. ఎఫెక్స్ ట్విన్‌గా పేరుపడ్డ రిచర్డ్ డి. జేమ్స్ 1999లో ‘విండోలిక్కర్’తో పాటు విడుదల చేసిన ఒక ట్రాకులో తన ముఖాన్నే దాచాడు. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రాములో చూస్తే ఆ ముఖం నవ్వుతూ కనిపిస్తుంది, వింటే కీచుమనే లోహపు మోత. కంటి కోసం చేసిన చమత్కారంగా అది గొప్పదే. సంగీతంగా నా చెవికి నిలవదు. ముందు చెవితో ఊహించి ఆ తర్వాత గీసినవాళ్ల పనే నిలిచింది.

గీతతో స్వరాన్ని పట్టుకోవడం మనకూ ఉంది. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల తెలుగు గ్రంథం ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెరిచి చూడండి. స్వరాక్షరాలతో పాటు గమకాలకు గుర్తులుంటాయి. ఎక్కే జారుకు పైకి వాలిన గీత, దిగే జారుకు కిందికి వాలిన గీత. అక్షరంలో ఇమడని కదలికను దీక్షితులవారు అలా కాగితానికి ఎక్కించారు.

అందుకే కర్ణాటక సంగీతం నేర్పేవాళ్లు వర్చువల్ ఏఎన్‌ఎస్‌ను పిల్లల చేతికివ్వాలని నా కోరిక. అలెగ్జాండర్ జొలొటోవ్ చేసిన ఈ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఉచితంగా నడుస్తుంది, శబ్దాన్ని బొమ్మగా కూడా మారుస్తుంది. తోడి రాగం ఆలాపన రికార్డు చేసి అందులో తెరవండి. గాంధారం దగ్గర తిన్నని గీత కనపడదు, రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగే అల కనపడుతుంది. దాన్ని చెరిపి, గాంధారం ఎత్తున తిన్నగా ఒక గీత గీసి వింటే తోడి మాయమవుతుంది. అల గీసి, దాని లోతు కొంచెం పెంచి, కొంచెం తగ్గించి, ఊపు నిదానించి వినిపించండి. తోడి ఎక్కడ తిరిగొస్తుందో పిల్లలు తమ చేత్తోనే పట్టుకుంటారు. మర్నాడు గురువుగారు ఆ గాంధారం పాడి చూపించేటప్పటికి అందులో ఏం వినాలో వాళ్లకు తెలిసి ఉంటుంది.