తిరగేసిన జోకు: మీరా సియాల్ స్కెచ్‌ల నుంచి నవలల దాకా

"యెస్టర్‌డే" అనే సినిమా (2019) చూసినవాళ్లకి హీరో వాళ్ల అమ్మ గుర్తుండే ఉంటుంది. కొడుకు పియానో ముందు కూర్చుని ప్రపంచంలోనే గొప్ప పాట వినిపించబోతుంటే, ఆ అమ్మానాన్నలు మాత్రం వాణ్ణి పూర్తిగా పాడనివ్వరు. ఆ అమ్మ వేషం వేసినావిడ పేరు మీరా సియాల్. నాన్నగా వేసిన సంజీవ్ భాస్కర్ నిజ జీవితంలో ఆవిడ భర్త. సినిమాలో చిన్న పాత్రే, కానీ ఆవిడ గురించి చదవడం మొదలుపెడితే నాకు ఆపాలనిపించలేదు. స్కెచ్ కామెడీ రాసింది, నటించింది, సినిమాకి స్క్రీన్‌ప్లే రాసింది, మూడు నవలలు రాసింది. ఇన్ని పనుల వెనక ఒకే ఒక్క ప్రశ్న ఉందని నాకనిపించింది. నవ్వు ఎవరి మీద, నవ్వేది ఎవరు?

గని ఊళ్లో పంజాబీ పిల్ల

మీరా 1961లో ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టింది. అమ్మానాన్నలు ఢిల్లీ నుంచి వెళ్లిన పంజాబీలు. పెరిగింది దగ్గర్లోనే ఉన్న ఎసింగ్టన్ అనే బొగ్గు గనుల ఊళ్లో. మాంచెస్టర్ యూనివర్సిటీలో ఇంగ్లిష్, డ్రామా చదివింది. చదువుకునే రోజుల్లోనే "వన్ ఆఫ్ అస్" అనే నాటకం ఇంకొకరితో కలిసి రాసి, తనే నటించింది. నటి అవ్వాలనుకునే ఒక ఇండియన్ అమ్మాయి కథ అది. దాంతో లండన్ రంగస్థలం తలుపులు తెరుచుకున్నాయి.

అయితే అప్పట్లో బ్రిటిష్ టీవీలో మనలా కనిపించేవాళ్లకి దొరికే వేషాలు ఏంటో ఊహించుకోవచ్చు: షాపు ఓనరు, డాక్టరు, ఏడుస్తున్న పెళ్లికూతురు. మంచి వేషం ఎవరూ ఇవ్వకపోతే ఏం చెయ్యాలి? రాసుకోవాలి. గురిందర్ చద్దా తీసిన "భాజీ ఆన్ ద బీచ్" (1993) సినిమాకి స్క్రీన్‌ప్లే మీరాదే. బర్మింగ్‌హామ్ నుంచి రకరకాల వయసుల ఇండియన్ ఆడవాళ్లు ఒక వ్యానులో బ్లాక్‌పూల్ బీచ్‌కి పోయి వచ్చే ఒక్కరోజు కథ.

స్కెచ్ ఎలా పనిచేస్తుంది

స్కెచ్ అంటే రెండు మూడు నిమిషాల చిన్న సీను. ముందు కథ ఉండదు, తర్వాత ఏమైందో చెప్పే పనీ లేదు. మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే అదొక ఫంక్షన్. మనకి బాగా తెలిసిన ఒక పరిస్థితి తీసుకుంటారు, అందులో ఒక్క వేరియబుల్ మారుస్తారు, మిగతాదంతా అలాగే రన్ చేస్తారు. ఆ ఒక్క మార్పు సరిగ్గా ఎంచుకోవడంలోనే ప్రతిభంతా ఉంటుంది.

మీరా, సంజీవ్ భాస్కర్, కుల్విందర్ ఘిర్, నీనా వాడియా నలుగురూ కలిసి చేసిన "గుడ్‌నెస్ గ్రేషస్ మీ" 1996లో బీబీసీ రేడియోలో మొదలై, 1998లో టీవీకి వచ్చింది. అసలు ఆ పేరే ఒక జోకు. 1960లో పీటర్ సెల్లర్స్ అనే బ్రిటిష్ నటుడు ఇండియన్ డాక్టరు యాసని అనుకరిస్తూ సోఫియా లారెన్‌తో కలిసి పాడిన పాట పేరు అది. అంటే ఒకప్పుడు మనవాళ్లని చూసి నవ్వడానికి వాడిన మాటనే వీళ్లు తీసుకుని తమ షోకి బోర్డులా తగిలించారు. టైటిల్ మ్యూజిక్ కూడా ఆ పాటకే భాంగ్రా దరువు.

ఈ షోలో అందరికీ గుర్తుండిపోయిన స్కెచ్ ఒకటుంది. అది అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. ఇంగ్లండ్‌లో శుక్రవారం రాత్రి పబ్బులో తాగి, గుంపుగా ఇండియన్ రెస్టారెంటుకి వెళ్లి, వెయిటర్ పేరుని ఇష్టమొచ్చినట్టు పలికి, అన్నిటికంటే కారంగా ఉన్న కూర ఆర్డర్ చేసి మగతనం చూపించుకోవడం కొందరికి ఒక అలవాటు. స్కెచ్‌లో దాన్ని తిరగేశారు. బొంబాయిలో ఒక ఇండియన్ గుంపు తాగేసి ఇంగ్లిష్ రెస్టారెంటుకి వెళ్తుంది. వెయిటర్ ఒక తెల్లవాడు, పేరు జేమ్స్. ఆ చిన్న పేరు కూడా వాళ్ల నోటికి తిరగదు. మెనూలో అన్నిటికంటే చప్పగా ఉండేది ఏదో అది కావాలని పందెం వేసుకుంటారు.

చూడండి, ఇక్కడ ఎవరూ స్పీచ్ ఇవ్వలేదు. "మమ్మల్ని అవమానించకండి" అని ఎవరూ అడగలేదు. సీట్లు మార్చారంతే. చూసే ఇంగ్లిష్‌వాడు పగలబడి నవ్వుతాడు, నవ్వుతుండగానే తన కిందటి శుక్రవారం గుర్తొస్తుంది.

ఇంకో గొప్ప విషయం, వీళ్లు సొంతవాళ్లనీ వదల్లేదు. ప్రపంచంలో ప్రతిదీ ఇండియాలోనే పుట్టిందని వాదించే నాన్న ఒకాయన. హోటల్లో ఏం చూసినా "ఇది ఇంట్లోనే చేసెయ్యొచ్చు" అనే అమ్మ ఒకావిడ. కొడుకుల గురించి కోతలు కోస్తూ పోటీపడే అమ్మలు. కపూర్ అనే పేరుని కూపర్‌గా మార్చుకుని, మేం పక్కా ఇంగ్లిష్‌వాళ్లం అనే కుటుంబం. ఈ నాన్నని మన వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపుల్లో చూడనివాళ్లు చెయ్యెత్తండి!

ఇక్కడే మన కాలేజీ స్కిట్ల సంగతి చెప్పాలి. మన స్కిట్లలో ఎక్కువసార్లు జోకు అంటే యాసే. ఒకడు శ్రీకాకుళం యాసలో, ఇంకొకడు తెలంగాణ యాసలో మాట్లాడితే చాలు, హాలు నవ్వుతుంది. మన సినిమాలు కూడా చాలా ఏళ్లు తెలంగాణ యాసని రౌడీకో కమెడియన్‌కో ఇచ్చి, హీరోకి మాత్రం వేరే తెలుగు ఇచ్చాయి. యాస మీద జోకులే వద్దని నేను అనట్లేదు. మీరా బృందం చేసిందంతా యాసల మీదే కదా! తేడా ఎక్కడంటే, వాళ్ల స్కెచ్‌లో యాస ఉన్నవాడికి ఒక బుర్ర, ఒక కోరిక, ఒక పొగరు ఉంటాయి. నవ్వు వాటి నుంచి వస్తుంది. యాస తీసేసినా జోకు నిలబడుతుంది. మన స్కిట్లకి ఇదొక మంచి టెస్ట్ కేస్ అని నా అభిప్రాయం.

నలభై ఏళ్ల నానమ్మ

2001లో మొదలైన "ద కుమార్స్ ఎట్ నంబర్ 42"లో ఒక పంజాబీ కుటుంబం కొడుకు కోసం ఇంటి పెరట్లోనే టీవీ స్టూడియో కట్టేస్తుంది. నిజమైన సెలబ్రిటీలు గెస్టులుగా వస్తారు, ఇంటర్వ్యూ మధ్యలో ఇంట్లోవాళ్లు దూరిపోయి పెళ్లి గురించీ జీతం గురించీ అడుగుతారు. ఇందులో మీరా ముసలి నానమ్మ. అప్పటికి ఆవిడకి నలభై. మనవడిగా వేసింది సంజీవ్ భాస్కర్. 2005లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు! ఈ మధ్యలోనే, 2002లో, ఏ.ఆర్. రెహమాన్ సంగీతంతో లండన్‌లో ఆడిన "బాంబే డ్రీమ్స్" మ్యూజికల్‌కి కథా సంభాషణలు కూడా రాసింది.

స్కెచ్ ఆగిపోయే చోట నవల

ఇంత సక్సెస్ ఉన్న మనిషికి నవల ఎందుకు? స్కెచ్‌కి ఒక పరిమితి ఉంది. సీట్లు మారుస్తుంది, నవ్విస్తుంది, లైట్లు ఆపేస్తుంది. మర్నాడు పొద్దున ఆ మనుషులు ఏమయ్యారో అడగదు.

మొదటి నవల "అనిత అండ్ మీ" టీవీ షో కంటే ముందే, 1996లో వచ్చింది. టాలింగ్టన్ అనే కల్పిత గని ఊరు. మీనా అనే తొమ్మిదేళ్ల పంజాబీ పిల్లకి అనిత అనే తెల్ల అమ్మాయితో స్నేహమంటే పిచ్చి. అమ్మ వండే కూరలు వద్దు, ఫిష్ ఫింగర్స్ కావాలి. ఊళ్లో శామ్ అనే కుర్రాడంటే మీనాకి లోపల ఇష్టం. ఒకరోజు ఊరి జాతరలాంటి కార్యక్రమంలో ఆ శామే అందరి ముందు నల్లవాళ్ల మీద విషం కక్కుతాడు. స్కెచ్‌లో అయితే శామ్‌ని ఒక మూర్ఖుడిగా చూపించి నవ్వేసుకోవచ్చు. నవలలో అలా కుదరదు, ఎందుకంటే అప్పటికే మనకీ వాడంటే కొంచెం ఇష్టం ఏర్పడుతుంది. మీనాతోపాటు మనకీ దెబ్బ తగులుతుంది.

ఈ పుస్తకానికి బెట్టీ ట్రాస్క్ అవార్డు వచ్చింది. ఇంగ్లండ్ స్కూళ్లలో పాఠ్యపుస్తకం అయ్యింది. 2002లో సినిమాగా వస్తే మీరా అందులో ఒక ఆంటీ వేషం వేసింది. రెండో నవల "లైఫ్ ఈజ్‌నాట్ ఆల్ హా హా హీ హీ" (1999) ముగ్గురు స్నేహితురాళ్ల కథ. మూడోది "ద హౌస్ ఆఫ్ హిడెన్ మదర్స్" 2015లో వచ్చింది. లండన్‌లో ఉండే శ్యామ బిడ్డ కోసం ఇండియాలోని పల్లెటూరి అమ్మాయి మాలాని సరోగసీకి ఎంచుకుంటుంది. ఇద్దరు ఆడవాళ్లలో ఎవరూ విలన్ కాదు, కానీ డబ్బు ఒకరి దగ్గరే ఉంది. మన దేశంలో డబ్బు కోసం చేసే సరోగసీని నిషేధిస్తూ చట్టం వచ్చింది 2021లో.

2023లో బాఫ్టా ఆవిడకి తన అత్యున్నత గౌరవమైన ఫెలోషిప్ ఇచ్చింది. కానీ నన్ను పట్టుకున్నది అవార్డులు కాదు. "అనిత అండ్ మీ"లో ఇండియా నుంచి మీనా వాళ్ల అమ్మమ్మ వస్తుంది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, మనవరాలికి పంజాబీ అంతంతమాత్రం. అప్పటిదాకా సొంత భాషని దాచుకోవాల్సిన వస్తువులా చూసిన పిల్ల, ఆ ముసలావిడ చెప్పే సంగతుల కోసం దాని వెంట పడుతుంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, తెలుగు పేపరు చదవడానికి ఇంట్లో అందరికంటే ఎక్కువ టైమ్ తీసుకునే నాకు ఆ పేజీలు ఇంగ్లండ్ కథలా అనిపించలేదు. మీనా వేరే దేశంలో ఉండి పోగొట్టుకుంది. నేను అమ్మమ్మ ఊరికి మూడు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉండి పోగొట్టుకుంటున్నాను.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందు ఆ రెస్టారెంటు స్కెచ్ చూడండి, మూడు నాలుగు నిమిషాలే. తర్వాత "అనిత అండ్ మీ" చదవండి. సెమిస్టర్ సెలవులకి సరిగ్గా సరిపోతుంది.