నాలుక గొట్టంలా మడవడం వస్తే ఏంటి, రాకపోతే ఏంటి?

వీడియో మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, నాలుక బయటపెట్టి, రెండు అంచులూ పైకి మడిచి గొట్టంలా చేయండి. వచ్చిందా? కొందరికి ఠక్కున వస్తుంది, కొందరికి ఎంత తంటాలు పడ్డా రాదు. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే లక్షణమని స్కూల్లో మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నేనూ చెప్పాను. చెప్పి ఒక పిల్లని ఏడిపించాను. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

నేను సైన్స్ టీచర్‌ని. ఎనిమిదో తరగతి వాళ్లకి కణం పాఠం అయిపోయాక, అనువంశికత గురించి కూడా కాస్త చెబుదామనిపించింది. నాలుక మడవగలగడం బహిర్గత లక్షణం, మడవలేకపోవడం అంతర్గత లక్షణం అని బోర్డు మీద రాశాను. ఇంటికెళ్లి అమ్మానాన్నలకి వస్తుందో రాదో చూసి పట్టిక వేసుకుని రమ్మన్నాను. పిల్లలకి భలే హుషారు.

మర్నాడు ప్రేయర్‌కి ముందే ఒకమ్మాయి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. "టీచర్, నాకు వస్తుంది. అమ్మకీ రాదు, నాన్నకీ రాదు. మరి నేను వాళ్ల పిల్లని కాదా?"

చూడండి, ఆ పిల్ల లెక్క తప్పేం కాదు. నేను బోర్డు మీద రాసిందే నిజమైతే, ఇద్దరికీ రానప్పుడు బిడ్డకి రావడానికి వీల్లేదు. నాకు ఏం చెప్పాలో తోచక, "అమ్మని ఇంకోసారి ట్రై చేయమను" అన్నాను. ఎంత తెలివితక్కువ జవాబో నాకు అప్పుడే అర్థమైంది. ఆ రాత్రి కూర్చుని చదివాను.

ఈ నాలుక కథ 1940లో మొదలైంది. ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ అనే పెద్ద జన్యుశాస్త్రవేత్త ఉండేవారు. 1913లో, ఇంకా చదువుకునే రోజుల్లోనే, పండ్ల ఈగల మీద పని చేసి మొట్టమొదటి జన్యు పటం గీసిన మనిషి. నాలుక మడవడం అనువంశికంగా వస్తుందని ఆయన 1940లో ఒక చిన్న వ్యాసం రాశారు. అది అలా అలా పాఠాల్లోకి ఎక్కేసింది. 1952లో మ్యాట్‌లాక్ అనే ఆయన కవలల్ని పరీక్షించారు. మామూలు కవలలు కాదు, ఒకే అండం నుంచి పుట్టి ఒకే జన్యువులున్న కవలలు. 33 జతల్లో 7 జతల్లో ఒకరికి నాలుక మడత వచ్చింది, రెండోవారికి రాలేదు. జన్యువులు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడిది? అంటే ఒక్క జన్యువు తీర్మానించే విషయం కాదు ఇది. స్టర్టెవాంట్ కూడా 1965లో తన పుస్తకంలో, ఇంకా దీన్ని రుజువైన ఉదాహరణగా చెప్తున్నందుకు ఇబ్బందిగా ఉందని ఒప్పుకున్నారు. ఆయన ఒప్పుకుని అరవై ఏళ్లు అవుతోంది, మనం ఇంకా హోంవర్క్ ఇస్తున్నాం!

చెవితమ్మె అతుక్కుని ఉందా, వేలాడుతోందా అనేదీ ఇలాంటిదే. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెవితమ్మె రూపానికి సంబంధించి జన్యువుల్లో 49 చోట్లు గుర్తించింది. నలభై తొమ్మిది! మనమేమో ఒక్క జన్యువుతో తేల్చేస్తున్నాం.

పైగా క్లాసులో దత్తత పిల్లలు ఉండొచ్చు, నాన్న లేని పిల్లలు ఉండొచ్చు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నవాళ్లు ఉండొచ్చు. వాళ్లంతా ఆ ఖాళీ గడులు పట్టుకుని అందరి ముందూ నిలబడాలా? ఇంట్లోవాళ్ల ఒంటి లక్షణాల పట్టిక వేయించడం నేను మానేశాను.

మరి ఎలా చెప్పాలి? నాకు పనికొచ్చిన దారి ఏంటంటే, కణాన్ని వదలకుండా అక్కడి నుంచే మొదలుపెట్టడం. ఉల్లిపాయ లోపలి పలచటి పొర తీసి, అయోడిన్ చుక్క వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టండి. కంటి కటకం మీద ఫోన్ కెమెరా ఆనిస్తే క్లాసంతా చూడొచ్చు. ఇటుక గోడలా వరసగా కణాలు, ఒక్కో దాంట్లో ఒక ముదురు చుక్క. అదే కేంద్రకం. ఉల్లి కణంలో ఆ చుక్కలో 16 క్రోమోజోములు. మన కణంలో అయితే 46, అంటే 23 జతలు.

ఇక్కడ ఆగి పిల్లల్ని అడుగుతాను: "అమ్మ నుంచి మీకు వచ్చిందేంటి?" ముక్కు, రంగు, కోపం అని రకరకాలుగా చెప్తారు. కాదు. వచ్చింది ఒక్క కణం. అందులో 23 క్రోమోజోములు. నాన్న నుంచి ఇంకో కణం, ఇంకో 23. అంతే. అమ్మ చేతి మీద నూనె చిట్లి పడ్డ మచ్చ మీకెందుకు రాలేదు? ఆ మచ్చ చర్మ కణాలది, అండానికి దాని సంగతే తెలీదు. ఇది చెప్పగానే పిల్లల మొహాలు వెలుగుతాయి. కణం, అనువంశికత రెండు వేరు వేరు పాఠాలు కావని అప్పుడు తెలుస్తుంది.

తర్వాత రెండు రూపాయి బిళ్లలు. ఒకటి అమ్మ, ఒకటి నాన్న. అమ్మలో ఉన్న జతలోంచి బిడ్డకి ఏది వెళ్తుందన్నది బిళ్ల ఎగరేయడం లాంటిదే. దీనికి నేను సికిల్ సెల్ జబ్బుని ఉదాహరణగా తీసుకుంటాను. ఇది నిజంగానే ఒక్క జన్యువు వల్ల వచ్చేది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి. ఆదిలాబాద్ వైపు, అరకు, పాడేరు మన్యంలో ఇది ఉన్న కుటుంబాలున్నాయి. 2047కల్లా దీన్ని నిర్మూలించాలని 2023లో కేంద్రం ఒక మిషన్ కూడా మొదలుపెట్టింది.

బొమ్మ అంటే మామూలు జన్యువు, బొరుసు అంటే సికిల్ జన్యువు అనుకోండి. ఇద్దరిలోనూ ఒక బొమ్మ, ఒక బొరుసు ఉన్నాయి. ఇద్దరూ మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, రక్తపరీక్ష చేస్తే తప్ప తెలీదు. బిళ్లలు రెండూ ఎగరేస్తే, రెండూ బొరుసు పడటానికి నాలుగింట ఒక వంతు అవకాశం. అలా పడితే బిడ్డకి జబ్బు.

అసలు గమ్మత్తు ఇక్కడే ఉంది. నలుగురు పిల్లల్లో ఒకరికి వస్తుందట, మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి ఇక మిగతావాళ్లకి భయం లేదు అని పెద్దవాళ్లే అనుకుంటారు. బిళ్లకి జ్ఞాపకం ఉండదు కదా. ప్రతి బిడ్డకీ మళ్లీ అదే నాలుగింట ఒక వంతు. క్లాసులో ఒక్కో జట్టు నాలుగేసిసార్లు ఎగరేసి రాస్తుంది. ఒక జట్టుకి ఒక్కసారీ రెండు బొరుసులు పడవు, ఇంకో జట్టుకి రెండుసార్లు పడతాయి. లెక్క ప్రకారం అలాంటి నూరు కుటుంబాల్లో సుమారు 32 కుటుంబాల్లో నలుగురు పిల్లలకీ జబ్బు రాదు. బోర్డు మీద పట్టిక గీసి చెప్తే ఇది బుర్రకెక్కదు, చేత్తో ఎగరేస్తేనే ఎక్కుతుంది.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదా. మర్నాడు క్లాసులో అందరి ముందూ "నిన్న నేను చెప్పింది తప్పు, పట్టికలు చింపేయండి" అన్నాను. ఎందుకు తప్పో ఆ కవలల కథ చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకడు "టీచర్‌కి కూడా తప్పులొస్తాయా" అని గట్టిగానే అన్నాడు, అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. బెల్ కొట్టాక దగ్గరికొచ్చి, "ఈ కవలల సంగతి మా నాయనమ్మకి కూడా చెప్పొచ్చా టీచర్?" అని అడిగింది. ఆ పట్టిక ఇంట్లో ఎంత దూరం వెళ్లిందో నాకు అప్పుడు తెలిసింది.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో బఠాణీలతో కూర్చుందాం. మెండెల్ లెక్కపెట్టిన గుండ్రటి గింజలు 5474, ముడతలవి 1850. ఆ రెండు అంకెల్నీ భాగించి చూసుకుని రండి.